జపాన్‌లో క్షమాభిక్ష ఇచ్చేది చక్రవర్తా, ప్రభుత్వమా?

మద్దిలపాలెం లా విద్యార్థిని:
అందరికీ నమస్కారం. ఎల్ఎల్‌బీ ఫైనలియర్ చదువుతున్నాను. క్షమాభిక్ష అధికారం రాష్ట్రపతికి, గవర్నరుకి ఇచ్చే మన రాజ్యాంగం 72, 161 అధికరణాలని జపాన్ ‘కోబెత్సు ఓన్షా’తో, అంటే ఒక్కో మనిషికి విడిగా ఇచ్చే క్షమాభిక్షతో పోల్చి పేపరు రాయాలి. అక్కడ చక్రవర్తికి అర్జీ పెడితే ఆయనే మాఫీ చేస్తారా?

మహారాణిపేట వకీలు:
చక్రవర్తి చేతిలో ఏమీ లేదమ్మా. వాళ్ల రాజ్యాంగం 73వ అధికరణం ప్రకారం నిర్ణయం క్యాబినెట్‌ది. ఆయన ధ్రువీకరిస్తారు, అంతే. ఖైదీ దరఖాస్తు జైలు అధికారి ద్వారా వెళ్తుంది. చైర్మన్, నలుగురు సభ్యులున్న కమిషన్ ఫైలు చూసి న్యాయశాఖ మంత్రికి సిఫార్సు చేస్తేనే కదులుతుంది. శిక్ష తగ్గించొచ్చు, అమలు మాఫీ చెయ్యొచ్చు, పోయిన హక్కులు తిరిగివ్వొచ్చు, తీర్పు ప్రభావమే తీసెయ్యొచ్చు. 2019లో కొత్త చక్రవర్తి సింహాసనమెక్కినప్పుడు సుమారు 5.5 లక్షల మందికి ఒకే ఉత్తర్వుతో హక్కులు తిరిగిచ్చారు. అది మూకుమ్మడిది, దీంట్లో కలపకు.

నాకు నచ్చేది ఆ కమిషనే. అడవివరం జైల్లో ఉన్న ఒక కుర్రాడి కోసం గవర్నరుకి అర్జీ రాస్తుంటే వాళ్లమ్మ పాలిథిన్ కవర్లో తీర్పు కాపీ, రేషన్ కార్డు, కొడుకు పదో తరగతి మార్కుల లిస్టు తెచ్చింది. “ఇయన్నీ ఎవులు సదువుతారు బాబూ?” అనడిగింది. ఫలానా ఐదుగురు చదువుతారమ్మా అని చెప్పగలిగే ఏర్పాటు మనకీ ఉండాలి.

గాజువాక:
ఐదుగురుండి ఉరిశిక్ష పడ్డవాళ్లకి ఒరిగిందేముందండీ? 1948లో టోక్యో బ్యాంకులో విషమిచ్చి 12 మందిని చంపిన కేసులో చిత్రకారుడు హిరసావాకి ఉరి వేశారా, లేదు. క్షమించారా, అదీ లేదు. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. 1987లో 95 ఏళ్ల వయసులో ఖైదులోనే పోయాడు. మన చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఒక రాష్ట్రపతి కాదన్నాక కూడా 1998లో కె.ఆర్. నారాయణన్ గారు యావజ్జీవంగా మార్చారు.

మహారాణిపేట వకీలు:
హిరసావా విషయంలో మీ బాధే నాదీనండి. ఐదుగురు చదివితే సరిపోదు, తేల్చాలి కూడా. మన దగ్గర ఆ పని కోర్టు చేయించింది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, ప్రధానంగా అర్జీలు ఏళ్ల తరబడి నానబెట్టినందుకు 15 మందికి ఉరి తప్పింది. ఇచ్చింది సరిగా ఉందో లేదో కూడా కోర్టు చూస్తుంది. అంతకుముందు 2006లో ఏపూరు సుధాకర్ కేసులో మన గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపునే సుప్రీంకోర్టు కొట్టేసింది. తల్లీ, అర్జీ ఎవరు చదవాలి, ఎవరు తేల్చాలి అన్నదాని మీద పేపరు కట్టు. ముందు ఆ రెండు తీర్పులూ చదువు. ఓన్షా చట్టం చిన్నదే, ఒక పూటలో అయిపోతుంది.