పాత సర్వే రాళ్లా, ఉపగ్రహ కొలతలా? ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ వాళ్లు చెప్పండి

రోవర్ బాబు (బరంపురం):
సూటిగా అడుగుతున్నాను. ఆంధ్రాలో 2020 డిసెంబర్‌లో రీసర్వే మొదలెట్టి, కార్స్ బేస్ స్టేషన్లు (ఉపగ్రహ సంకేతాలు అందుకుంటూ సవరణలు పంపే స్థిర కేంద్రాలు) పెట్టి, డ్రోన్లు ఎగరేసి, రోవర్లతో (కర్ర మీద పెట్టి పట్టుకునే ఉపగ్రహ కొలత యంత్రాలతో) ఊళ్లకు ఊళ్లు కొలిచారు. సర్వే ఆఫ్ ఇండియా కూడా దేశమంతా కార్స్ స్టేషన్లు నిలబెట్టింది. ఒడిశా 2012లోనే ప్రత్యేక సర్వే, సెటిల్‌మెంట్ చట్టం చేసుకుంది. మరి మన సరిహద్దు ఊళ్లలో గట్టు తగువు వస్తే ఇప్పటికీ టేపు పట్టుకుని, మూడూళ్ల హద్దులు కలిసే రాయి ఎక్కడుందా అని తుప్పల్లో వెతుక్కోవడమేనా? ఆకాశం తెరిపిగా ఉంటే నిమిషంలో రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో చుక్క చెప్పే యంత్రం చేతిలో ఉంది. ఇకపై రాయి సాక్ష్యం కాదు, కోఆర్డినేటే (ఆ చుక్క ఎక్కడుందో చెప్పే అంకే) సాక్ష్యం అనాలి. ఇదీ నా మాట.

గొలుసు మాస్టారు (కాశీనగరం):
బాబూ, నేను అమీన్ల (రెవెన్యూ కొలతగాళ్ల) వెనక గొలుసు లాగి పిల్లల్ని పెంచినవాణ్ణి. అరవై ఆరు అడుగులు, వంద లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో బేస్‌లైన్ కొలిచింది కూడా ఉక్కు గొలుసుతోనే. అక్కణ్ణించి సాగిన త్రికోణ సర్వే మీదే ఈ దేశం పటం ఇన్నాళ్లూ నిలబడింది. మీ ఉపగ్రహం సంగతి నాకు తెలీదనుకోకు. మనం ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. ఇరవై ఏళ్లకి మీటరు. ఈ రోజు నువ్వు రాసిచ్చిన అంకె నా మనవడి నాటికి పక్కోడి మడిలో పడుతుంది. రాయి అలాక్కాదు, పొలంతో పాటే ఉంటుంది. దీనికి జవాబు చెప్పు ముందు.

జయపురం షాపు:
మాస్టారిది పాయింటే.

రోవర్ బాబు:
మాస్టారూ, ఫలకం జరగడం నిజం. కానీ నా రోవర్ అడిగేది ‘భూగోళం మీద నేనెక్కడ’ అని కాదు, ‘ఫలానా బేస్ స్టేషన్ నుంచి నేనెటువైపు, ఎంత దూరం’ అని. బేస్ స్టేషనూ అదే ఫలకం మీదుంది. పడవ కదిలినంత మాత్రాన అందులో కూర్చున్న ఇద్దరి మధ్య దూరం మారదు కదండీ. బేస్ కోఆర్డినేట్లను ఒక తేదీకి కట్టేసి అవే వాడుతూ పోతే ఇరవై ఏళ్ల తర్వాత కూడా మీ మడి మూలకి అదే అంకె వస్తుంది.

ఇక గొలుసు సంగతి. వాడగా వాడగా రింగులు అరిగి గొలుసు సాగుతుంది. వాలు నేల మీద మెట్లు మెట్లుగా పట్టకుండా లాగేస్తే పొడుగు ఎక్కువొస్తుంది. ఇంకోటి, మీరు చెప్పిన లాంబ్టన్ సర్వే కొండ మీంచి కొండకి గీసిన లెక్క. మన ఊళ్ల నక్షాల్లో (గ్రామ భూమి పటాల్లో) చాలావాటిని దానికి ముడేసిందే లేదు. పక్క పక్క ఊళ్ల నక్షాలు రెండూ కలిపి పెడితే ఒకచోట ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, ఇంకోచోట సందు మిగులుతుంది. ఆ సందులోనే కేసులు పుడుతున్నాయి.

గొలుసు మాస్టారు:
జరుగుతుందని ఒప్పుకున్నావు. తేదీ కట్టాలనీ ఒప్పుకున్నావు. ఆ తేదీ పట్టా మీద రాస్తారా? ఏ పట్టా మీదైనా చూశావా? నేను చూళ్లేదు.

వైజాగ్‌లో పర్లాకిమిడి:
ఆ ఫలకం గొడవ వదలండి బాబూ. ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న కొటియా ఊళ్ల తగువు 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతూనే ఉంది. కోఆర్డినేట్లు లేక తేలలేదా అది?

సిరొంచ రైతు:
మహారాష్ట్ర వైపు నుంచి రాస్తున్నా. మీరంతా అడ్డం, పొడుగు గురించే మాట్లాడుతున్నారు. మాకు ఎత్తు ముఖ్యం. మేడిగడ్డ బ్యారేజీ కట్టాక వెనక నీళ్లు మా చేలల్లోకి వచ్చాయి. పూర్తి నీటిమట్టం 100 మీటర్లన్నారు. నా చేను ఎంత ఎత్తులో ఉందో రోవర్ చెప్తుందా?

రోవర్ బాబు:
చెప్తుంది అన్నా, కానీ నేరుగా కాదు. రోవర్ ఇచ్చేది ఊహించిన గుండ్రటి ఉపరితలం నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. గోపాల్‌పూర్ బీచి ఇసుకలో రోవర్ కర్ర నిలబెడితే తెర మీద మైనస్ అరవై మీటర్ల పైనే కనిపిస్తుంది. మన వైపు రెంటికీ అంత తేడా. దాన్ని జియాయిడ్ మోడల్‌తో (ఏ చోట సముద్రమట్టం ఎక్కడికి వస్తుందో చెప్పే లెక్కతో) సరిచేయాలి, దగ్గర్లోని పాత సర్వే బెంచ్‌మార్కు (ఎత్తు తేల్చి పెట్టిన రాయి) మీద పెట్టి సరిచూసుకోవాలి. బ్యారేజీ లెక్కలో ఏ మట్టం వాడారో, మీ చేను కొలిచినప్పుడు ఏది వాడారో రెండూ రాతపూర్వకంగా అడగండి. రెండూ ఒకటే కాకపోతే ఆ ముంపు గీతకి విలువ లేదు.

గొలుసు మాస్టారు:
చూశారా? పాత బెంచ్‌మార్కు రాయి కావాలట! అదే నేనూ అంటున్నది.

రోవర్ బాబు:
ఎత్తుకి కావాలన్నాను మాస్టారూ, హద్దుకి కాదు. ఒక మాట పట్టుకుని మొత్తం తిప్పేయకండి.

రాయగడ టీచరమ్మ:
రాళ్లో, రోవరో అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. మా కొండల మీద రాళ్లే లేవు. పాత సెటిల్‌మెంట్లలో పది డిగ్రీల కంటే వాలు ఎక్కువున్న భూమిని దున్నుకునేవాళ్ల పేరున రాయలేదు, ప్రభుత్వ భూమి అని రాసి ఊరుకున్నారు. అంత వాలులో గొలుసు, ప్లేన్ టేబులు పట్టుకుని తిరగడం కష్టం, ఖర్చు. దాంతో కొండు, సవర కుటుంబాలు తరాలుగా పోడు చేసుకుంటున్న నేలకి కాగితం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక చేతిలో పట్టే జీపీఎస్‌తో కొలిచారు. దానికి నాలుగైదు మీటర్లు అటూ ఇటూ రావడం మామూలే, చెట్ల కిందైతే ఇంకా ఎక్కువ. నా బడి పిల్లల ఇళ్లవాళ్లకి ఒక మీటరు కూడా చిన్నది కాదు. అందుకే మంచి యంత్రం మా కొండకి రావాలంటాను. వచ్చాక అది ఎవరి మాట విని చుక్క పెడుతుందన్నది మీ ఇద్దరూ మాట్లాడటం లేదు.

గొలుసు మాస్టారు:
అమ్మా, అది వచ్చాక ఏమవుతుందో నేను చెప్తాను. మా చెల్లెల్ని పాతపట్నం వైపు ఇచ్చాం. అక్కడ రీసర్వేలో వాళ్ల ముగ్గురు తోటికోడళ్ల భూములూ కలిపి ఒకటే జాయింట్ ఎల్‌పీఎం (ఉమ్మడి భూమి పటం) నంబరు ఇచ్చేశారు. పాత సర్వే నంబరు పోయింది. ఇప్పుడు మా చెల్లెలు అప్పుకి వెళ్తే మిగతా ఇద్దరి సంతకాలూ అడుగుతున్నారు. వాళ్లలో ఒకావిడతో మాటల్లేవు. సెంటీమీటర్లలో కొలిచి మనుషుల్ని ఒక గంప కింద కప్పెట్టారు.

జయపురం షాపు:
జాయింట్ ఎల్‌పీఎం బాధితులు ఆ వైపు చాలామంది ఉన్నారు, నిజం.

రోవర్ బాబు:
అది విభజన చెయ్యని రికార్డు తప్పు. రోవర్ తప్పు కాదు.

మీ కుటుంబం మాట చెప్పారు గనక నాదీ చెప్తాను. మా నాన్న వాటాకి, చిన్నాన్న వాటాకి మధ్య రాయి ఉండేది. నాన్న గల్ఫ్ వెళ్లొచ్చేసరికి అది జీడితోటలోకి నడిచొచ్చింది. కొలవడానికొచ్చిన అమీన్ ఆ రాయి మీదే టేపు పెట్టి, ‘హద్దు ఇదే’ అని రాసుకుని పోయాడు. పన్నెండేళ్లు దాటితే నాదే అని చిన్నాన్న కోర్టులో వాదించొచ్చు. మాస్టారూ, కోపగించుకోకండి గానీ, రాయిని ఎలా కదపాలో తెలిసినవాళ్లకే రాయంటే అంత ప్రేమ.

గొలుసు మాస్టారు:
నోరు జాగ్రత్త! నా సర్వీసులో ఒక్క రాయి కూడా కదపలేదు. ఎండలో, వానలో, జలగల్లో నడిచాను. నీలాగా గొడుగు కింద కర్ర పట్టుకుని నిలబడలేదు.

వైజాగ్‌లో పర్లాకిమిడి:
ఇద్దరూ ఆగండి. బాబూ, పెద్దాయనతో ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గొలుసు మాస్టారు:
నాకు ఎందుకు భయమో వినండి. మా భూమి వంశధార ఒడ్డున. పట్టాలో ఉన్న ప్లాట్లలో సగం ఏరు కోసుకుపోయింది. మా నాన్న పైకి జరిగి, తుప్పలు కొట్టి, గట్టేసి, బావి తవ్వి సాగు చేశాడు. మేమూ చేస్తున్నాం. ఆ పైభూమి కాగితంలో అనాబాది, అంటే ప్రభుత్వ బంజరు. అమీన్ వచ్చినప్పుడల్లా గట్టు చూస్తాడు, బావి చూస్తాడు, ఊళ్లో నలుగుర్నీ అడుగుతాడు, సాగుదారు గడిలో మా పేరు రాసుకుంటాడు. రేపు నీ యంత్రం పాత నక్షా మీద పెట్టి చుక్కలు పెడితే నా భూమి ఏట్లో ఉంటుంది. నేను దున్నుతున్నది ప్రభుత్వానిది అవుతుంది. రెండు సెంటీమీటర్ల తేడాతో మరీ చెప్తుంది. నీకు అంతే కావాలి కదా, కచ్చితం.

రోవర్ బాబు:
ఇది మొదట్లోనే చెప్తే ఫలకాల మీద ఇంత రాసేవాణ్ణి కాదు మాస్టారూ.

అయితే మీరు అడుగుతున్నది సాగు గట్టునే హద్దుగా కొలవమని. నేను అడుగుతున్నది పాత నక్షా ప్రకారం కొలవమని. మీ ఊళ్లో నక్షా పెడితే మీరు నష్టపోతారు. మా ఊళ్లో గట్టు పెడితే నేను నష్టపోతాను. యంత్రం రెండింటినీ ఒకే కచ్చితంతో కొలుస్తుంది.

రాయగడ టీచరమ్మ:
మా కొండ మీద నక్షా లేదు, గట్టు మాత్రమే ఉంది. కాబట్టి నేను మాస్టారి పక్షం.

ఒకటి చెయ్యొచ్చు. ఏ రాయీ పీకకముందు దాని మీద రోవర్ పెట్టి కోఆర్డినేటు, తేదీ రాయాలి. ఇప్పుడున్న గట్టు, ఏటి ఒడ్డు, బావి కూడా అదే రోజు కొలవాలి. పాత నక్షా గీతని కూడా అదే పటం మీద వెయ్యాలి. మూడు గీతలూ మూడు రంగుల్లో గ్రామసభలో గోడకి అంటించాలి. నోటీసు ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వాలి. మా ఊళ్లో ఆడవాళ్లు ఒడియా నోటీసు నా దగ్గరికి తెచ్చి చదివించుకుంటారు. నేను బడిలో లేని రోజు వచ్చిన నోటీసుల గతి ఏమిటో నాకు తెలీదు.

సిరొంచ రైతు:
మాకూ ఇదే కావాలి, మరాఠీ, తెలుగు రెండింట్లో.

గొలుసు మాస్టారు:
టీచరమ్మ చెప్పినదానికి నేను సరే. రాయి మీద అంకె చెక్కినా నాకు అభ్యంతరం లేదు. గట్టు గీత ఆ పటంలో ఉండాలి, అంతే.

రోవర్ బాబు:
మూడు గీతలూ కొలవడానికి సరే, నోటీసు తెలుగులో ఉండాలనడానికీ సరే. కానీ ప్రభుత్వ భూమి మీద సాగుకి, అన్నదమ్ముల మధ్య గట్టుకి ఒకే నియమం పెడితే ఒప్పుకోను. గట్టు గీత పటంలోకి ఎక్కిన రోజున మా చిన్నాన్న దాన్ని జిరాక్స్ తీసుకుని కోర్టుకి పోతాడు.

గొలుసు మాస్టారు:
మరి నాకొక నియమం, నీకొక నియమం ఎవరు రాస్తారు బాబూ? తహసీల్దారా? ఆయనకి నీ చిన్నాన్నా తెలీదు, మా బావీ తెలీదు.

రోవర్ బాబు:
అదే తెలియాలి మాస్టారూ. మీ బావి ఫోటో, పాత శిస్తు రసీదులు ఉంటే పెట్టండి, చూస్తాను. నా దగ్గర పాత నక్షా స్కాన్ ఉంది.