సూపర్ మార్కెట్లు మనల్ని పప్పుల వైపు మళ్లించాలా?

నల్లగొండ పాఠకుడు:
మా పట్టణంలోని ఒక సూపర్ మార్కెట్‌లో నెల రోజులుగా "మొక్కల ప్రోటీన్ ఎంచుకోండి" అన్న బోర్డు వేలాడుతోంది. దాని కింద, సరిగ్గా కంటికి ఆనే ఎత్తులో, సోయా కబాబుల డబ్బాలు, ప్రోటీన్ పొడి, పేరు పలకడం రాని విదేశీ గింజల పొట్లాలు పేర్చారు. కందిపప్పు, పెసర్లు, బబ్బెర్లు మాత్రం బియ్యం బస్తాల పక్కన, వంగితే తప్ప చేతికందని అరలో ఉన్నాయి. దుకాణాలు ఈ పని చేయడం మంచిదేనని నా అభిప్రాయం. కానీ ఏ సరుకును ముందుకు తేవాలో వారికే తెలియనట్లుంది. మీరేమంటారు?

పాలమూరు రైతుబిడ్డ:
ఇది మన ప్రశ్నే కాదు. నెదర్లాండ్స్‌లో ఆల్బర్ట్ హైన్ వంటి సూపర్ మార్కెట్ సంస్థ, 2030 నాటికి తాను అమ్మే ప్రోటీన్‌లో 60 శాతం మొక్కల నుంచే రావాలని లక్ష్యం పెట్టుకున్నదంటే అర్థముంది. అక్కడ మాంసమో జున్నో లేని పూట అరుదు. 2014 నాటి నమూనా నమోదు సర్వేలో తెలంగాణవారు దాదాపు 99 శాతం మాంసాహారులని తేలిన మాట నిజమే, అయితే మాంసాహారి అంటే రోజూ మాంసం తినేవాడని కాదు. మా ఊళ్లో ఆదివారం కిలో కోడి తెస్తే ఆరుగురు తింటారు, మిగిలిన రోజులు పచ్చిపులుసూ తొక్కులే. అటువంటి ఇంటికి మాంసం తగ్గించుకోమని చెప్పడం ఉపవాసమున్నవాడికి మితాహారం బోధించడమే.

మిర్యాలగూడ గృహిణి:
రైతుబిడ్డ గారూ, తగ్గించమని ఆ బోర్డు మీద లేదు కదా. మన ఇళ్లలో కొరత ప్రోటీన్‌కే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములుంటాయి. నిన్న రాత్రి నలుగురికి పప్పుచారు పెట్టబోతూ, నేను వేసే పిడికెడు పప్పును త్రాసు మీద పెట్టి చూశాను: 60 గ్రాములు. అంటే మనిషికి దక్కేది 3 గ్రాముల పైచిలుకు. ఆ చారు పోసుకుని తిన్న అన్నంలోనే అంతకు మించి ఉంటుంది. ఇన్నేళ్లూ పప్పు తింటున్నామనుకున్నాను, వాసన చూస్తున్నామని ఇప్పుడు తెలిసింది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ కలిస్తేనే లెక్క కుదురుతుంది, కాని ఆ కలపడంలో పప్పు వాటా పెరగాలి.

ఒకప్పటి దుకాణ ఉద్యోగి:
కంటి ఎత్తు అర ఊరికే దొరకదు. కంపెనీలు డబ్బు కట్టి దాన్ని తీసుకుంటాయి. విడి పప్పుకు కంపెనీ ఉండదు, కనుక దాని తరఫున కట్టేవారూ ఉండరు.

పాలమూరు రైతుబిడ్డ:
గృహిణి గారి త్రాసు లెక్కకు నేను తలవంచుతున్నాను. అయితే పిడికెడు రెండు పిడికెళ్లు కావాలంటే అడ్డొచ్చేది అర కాదు, ధర. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం పథకంలో మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు, సంతోషమే. ఆ పథకంలో పప్పు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 నాటి అమ్మహస్తంలో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కిలో కందిపప్పు కూడా ఉండేది. పక్కనే ఉన్న తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా పత్తి చేలలో ఇప్పటికీ కంది సాళ్లు వేస్తాం, అయినా పండించినవాడు కూడా కొట్లో పావుకిలో చొప్పునే కొంటాడు.

నల్లగొండ పాఠకుడు:
ధర సంగతి ఒప్పుకుంటాను. అయినా ఎదురుగా కనిపించేది కొనుగోలును మారుస్తుంది. 2019లో వెలువడిన కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, అక్కడి భోజనశాలల్లో నాలుగు వంటకాల్లో శాకాహారం ఒకటి ఉండే చోట రెండు పెట్టగానే దాని అమ్మకాలు 40 నుంచి 80 శాతం దాకా పెరిగాయి. ఎవరికీ ఎవరూ ఉపదేశం చేయలేదు.

మిర్యాలగూడ గృహిణి:
ఒక్క జాగ్రత్త చెప్పాలి. బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు. గుడ్డు, పాలు, ఆదివారం కూర మానేయమని దీనికి అర్థం తీయవద్దు. బబ్బెర్లు రాత్రి నానబెట్టి పొద్దున గుడాలు చేస్తే, బడికి పోయే పిల్లలు సాయంత్రం దాకా చిరుతిళ్లు అడగరు. ఇది మా ఇంటి అనుభవం మాత్రమే.

నల్లగొండ పాఠకుడు:
నిన్న ఆ దుకాణానికే వెళ్లి, బబ్బెర్లు, అనుములు, శనగలు పావుకిలో పొట్లాలుగా కట్టి కోడిమాంసం ఫ్రిజ్ పక్కన పెట్టమని అడిగాను. పొట్లం ఖర్చు ఎవరు భరిస్తారని మేనేజరు ఎదురు అడిగారు. చివరకు వారం రోజులు పెట్టి చూస్తామన్నారు, అదీ శనగలు మాత్రమే.