పాట వచ్చిన పిల్లలకు కీ సిగ్నేచర్లు ఎలా నేర్పారు?

సరిగమల_అమ్మ:
నమస్కారమండీ. మా పాప గాత్రంలో వర్ణాల దాకా వచ్చింది. ఇప్పుడు కీబోర్డు కూడా మొదలుపెట్టి, ఏబీఆర్‌ఎస్‌ఎం (పాశ్చాత్య సంగీత పరీక్షలు పెట్టే బ్రిటిష్ బోర్డు) ఒకటో గ్రేడు థియరీ చదువుతోంది. కీ సిగ్నేచరు అంటే స్కేలుకు ఏ షార్పులు (అర మెట్టు పైకి), ఏ ఫ్లాట్లు (అర మెట్టు కిందికి) కావాలో నొటేషన్ మొదట్లో వేసే గుర్తులు. సి, జి, డి, ఎఫ్ మేజరు స్కేళ్లు నాలుగే, అయినా దేనికి ఎన్ని షార్పులో పట్టిక బట్టీ పట్టడం, మర్చిపోవడం, ఇదే వరస. స్వరజ్ఞానం ఉన్న పిల్లకు ఇంతకంటే మంచి దారి ఉండాలి కదా? మీ ఇళ్లలో ఎలా పట్టుబడిందో చెప్పండి.

ఐదు_శ్రుతి:
ముందు ఆ పట్టిక పక్కన పెట్టేయండి. మేజర్ స్కేలు స్వరస్థానాలు మన 29వ మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూలరాగం) ధీరశంకరాభరణానివే. పాపకు అవి ఎప్పుడో వచ్చు.

హార్మోనియం లెక్కలో చూడమనండి. సి ఒకటి శ్రుతి, డి రెండు, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఏ ఆరు, బి ఏడు. ఒకటి శ్రుతిలో శంకరాభరణం ఆరోహణ వాయిస్తే అన్నీ తెల్లమెట్లే. అందుకే సి మేజరుకు షార్పూ లేదు, ఫ్లాటూ లేదు.

ఇప్పుడు ఐదు శ్రుతి పెట్టుకుని, పాడుతూ వాయించమనండి. ధైవతం దాకా తెల్లమెట్ల మీదే నడుస్తుంది. నిషాదం దగ్గర ఎఫ్ నొక్కగానే కైశికి నిషాదం (కింది నిషాదం) పలుకుతుంది, హరికాంభోజి రాగం అయిపోతుంది. పాప చెవే ఒప్పుకోదు. శంకరాభరణానికి కావలసిన కాకలి నిషాదం (పై నిషాదం) కోసం వేలు పక్కనున్న నల్లమెట్టు మీదికి పోతుంది. అదే ఎఫ్ షార్ప్. జి మేజరు కీ సిగ్నేచరులో ఉన్నది ఆ ఒక్కటే.

నాలుగు శ్రుతిలో చిక్కు మధ్యమం దగ్గర వస్తుంది. తెల్లమెట్టు బి నొక్కితే ప్రతిమధ్యమం (పై మధ్యమం) పలికి కల్యాణి రాగం అవుతుంది. శంకరాభరణానికి శుద్ధ మధ్యమం (కింది మధ్యమం) కావాలంటే ఒక మెట్టు కిందికి దిగాలి: బి ఫ్లాట్. రెండు శ్రుతిలో గాంధారం, నిషాదం రెండూ నల్లమెట్లే: ఎఫ్ షార్ప్, సి షార్ప్.

ఒక్క షరతు. ఇది నేర్చుకున్నన్నాళ్లూ కీబోర్డు మీద శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోనివ్వకండి. అది నొక్కితే శ్రుతి మారుతుంది గానీ వేళ్లు సి మేజరులోనే ఉండిపోతాయి. నల్లమెట్లు ఎందుకొస్తాయో పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

సరిగమల_అమ్మ:
వాయించి చూసిందండీ, హరికాంభోజి దగ్గర తనే ఆగి "ఇది కాదమ్మా" అంది! చాలా సంతోషంగా ఉంది. కానీ ఎఫ్ మేజరులో ఆ నల్లమెట్టును ఏ షార్ప్ అని రాస్తే టీచరుగారు కొట్టేశారు. మెట్టు ఒకటే కదా?

వీణ_పంతులమ్మ:
మెట్టు ఒకటే. అయితే ఈ ఏర్పాటు మనకూ ఉందమ్మా. స్వరస్థానాలు పన్నెండు, వాటికి పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండిటిదీ ఒకే మెట్టు. మొదటి మేళకర్త కనకాంగిలో శుద్ధ రిషభం ముందే వచ్చేసింది కాబట్టి తర్వాతి మెట్టును మళ్లీ రిషభం అనలేం, గాంధారం అనే తీరాలి. మేళకర్తలో ఏడు స్వరాలూ ఒక్కోసారి రావాలి. వాళ్లకూ అంతే. ఎఫ్ మేజరులో ఏ ముందే గాంధారంగా వచ్చింది. మళ్లీ ఏ షార్ప్ అంటే ఏ రెండుసార్లు వస్తుంది, బి అసలే రాదు. అందుకని బి ఫ్లాట్. పాపకు వివాది మేళాల (కనకాంగిలా ఇలా పేరు మార్చుకున్న స్వరాలు వచ్చే మేళకర్తలు) గురించి చెప్పడానికి ఇదే మంచి సందర్భం.

సాయంత్రం_పియానో:
ఐదు శ్రుతి గారి పద్ధతి వాయించడానికి చాలా బాగుంది. కానీ నొటేషన్ చూసి వాయించాల్సి వచ్చినప్పుడు ఆరోహణ పాడుకుంటూ కూర్చోలేం, చూడగానే స్కేలు తెలియాలి. కాబట్టి వరస మాత్రం నోటికి రావాల్సిందే. షార్పులు: ఎఫ్, సి, జి, డి, ఏ, ఈ, బి. ఫ్లాట్లు ఇదే తిరగేసి. పంచమాన్ని షడ్జం చేసుకుంటూ పోతే ఒక్కో షార్పు పెరుగుతుంది, మధ్యమాన్ని షడ్జం చేసుకుంటూ పోతే ఒక్కో ఫ్లాటు.

నాకు కుదిరిన గుర్తు ఇది. చివరి షార్పు ఎప్పుడూ కాకలి నిషాదమే, దాని పై మెట్టే షడ్జం. చివరి ఫ్లాటు ఎప్పుడూ శుద్ధ మధ్యమమే. ఒకటి కంటే ఎక్కువ ఫ్లాట్లుంటే చివరిదానికి ముందున్నదే షడ్జం.

కీరవాణి_ఇష్టం:
మైనరు సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రహభేదం (రాగంలోని వేరే స్వరాన్ని షడ్జంగా తీసుకోవడం) తెలిస్తే అదీ సులువే. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేస్తే నటభైరవి వస్తుంది, మైనరు స్కేలు స్వరాలు అవే. సి మేజరుకూ ఏ మైనరుకూ కీ సిగ్నేచరు ఒకటే కావడానికి కారణం అదే. మరి రెండిటిలో ఏదో ఎలా తెలుస్తుందంటే, పాట ఏ స్వరం మీద ఆగుతోందో చూడాలి. మధ్యలో జి పక్కన మాటిమాటికీ షార్పు కనిపిస్తే కాకలి నిషాదం వచ్చి చేరిందన్నమాట, అంటే కీరవాణి. ఆ షార్పు కీ సిగ్నేచరులోకి ఎక్కదు, స్వరం పక్కనే రాస్తారు. మా అబ్బాయికి వయొలిన్‌లో ఈ ఒక్క విషయం తేలాక మైనరు పాటలంటే భయం పోయింది.

వీణ_పంతులమ్మ:
ఒక్కమాట. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన సి మేజరు పాట శంకరాభరణం రాగం అయిపోదు. గమకాలు లేవు, రాగసంచారం లేదు. గాత్రం క్లాసుకు వెళ్లినప్పుడు కీబోర్డు మెట్ల మీద పలికినట్టు గాంధారం నిలబెట్టి పాడకుండా చూసుకోండి. రెండూ నేర్చుకునే పిల్లల్లో నేను ముందు సరిదిద్దేది ఇదే.

సరిగమల_అమ్మ:
తప్పకుండా చెబుతానండీ. చివరగా ఒకటి. పాప పాడేది ఐదున్నర శ్రుతి. అందులో తన గీతాలు రాసుకుందామంటే పుస్తకంలో జి షార్ప్ మేజరే లేదేం?

ఐదు_శ్రుతి:
జి షార్ప్ అని మొదలుపెడితే నిషాదానికి ఎఫ్ డబుల్ షార్ప్ రాయాలి, అందుకే ఆ పేరుతో కీ సిగ్నేచరు వాడరు. అదే మెట్టును ఏ ఫ్లాట్ అనమనండి. నాలుగు ఫ్లాట్లతో సరిపోతుంది: బి, ఈ, ఏ, డి. చివరిది డి ఫ్లాట్, శుద్ధ మధ్యమం. దాని ముందున్న ఏ ఫ్లాటే పాప షడ్జం. శంకరాభరణం కాని గీతాలకు మారే స్వరాల గుర్తులు వాటి పక్కనే వేసుకోమనండి.