సమస్యాపూరణం: తనయుకంటెను బదుమూఁడె తండ్రి పెద్ద

సమస్య (తేటగీతి, అమలాపురం నుండి): 1962లో బీబీసీలో మొదలై 1974 వరకు విడతలుగా సాగిన ‘స్టెప్టో అండ్ సన్’ హాస్యనాటకంలో, గుర్రపుబండి మీద పాతసామాను కొని బతికే తండ్రీకొడుకులు ఆల్బర్ట్, హెరాల్డ్‌లను ఆధారంగా చేసుకొని పై పాదాన్ని పూరించ ప్రార్థన.

రాజోలు మిత్రుని పూరణ:

బుల్లితెరమీఁద నగుపించు పుచ్చుపండ్ల
ముసలి తండ్రికి వేషమ్మె ముదిమి నిచ్చె;
నటుల పుట్టుక లెంచిన నవ్వువచ్చు,
తనయుకంటెను బదుమూఁడె తండ్రి పెద్ద.

విమర్శ: చిక్కుముడి సరిగ్గా విడింది. తండ్రి వేషధారి విల్‌ఫ్రిడ్ బ్రాంబెల్ 1912లో, కొడుకు వేషధారి హ్యారీ కార్బెట్ 1925లో పుట్టారు. తొలి ప్రసారం నాటికి ఆ ‘ముసలాయన’కు యాభై కూడా నిండలేదు. అయితే ‘నవ్వువచ్చు’ అని చెప్పడం వేరు, నవ్వించడం వేరు. హెరాల్డ్ ఒక స్త్రీని ఇంటికి తీసుకువచ్చే వేళకు గది నడుమ రేకుతొట్టిలో స్నానం చేస్తూ, నీళ్లలో జారిపడిన ఊరవేసిన ఉల్లిపాయలను ఏరి తిరిగి సీసాలో వేసే ఆ తండ్రిని మూడవ పాదంలో కూర్చోబెట్టి ఉంటే పద్యం ఇంకెంతో రక్తికట్టేది.

పాలకొల్లు సోదరి పూరణ:

పాతసామాను కొను నింటఁ బందెమాడి
త్రాసుపైఁ జేరి తూఁగఁగఁ దనయుఁ డోడె;
బరువు లెక్కఁ గిలోలలోఁ బలికె ముల్లు,
తనయుకంటెను బదుమూఁడె తండ్రి పెద్ద.

విమర్శ: రెండవ పాదం తొలుత ‘త్రాసు నెక్కఁగ నిద్దఱుఁ గొడుకె యోడె’ అని వచ్చింది, గణాలు కుదిరినా యతి తప్పినందున ఆమెయే సవరించారు. పందెం మాట వినగానే మన సంక్రాంతి బరులు గుర్తుకువచ్చాయి. కానీ బరువుకు ‘పెద్ద’ అనడం పొసగదు, పైగా ఆల్బర్ట్ ఎండుపుల్ల వంటి మనిషి, కండ ఉన్నది కొడుకుకే. ఇల్లు విడిచి పోదామని సామాను సర్దుకున్న హెరాల్డ్, గుర్రం లేని బండిని తానే లాగబోయి కదల్చలేక ఏడ్చే తొలి కథను తీసుకొని ఉంటే బరువు ప్రస్తావన ఎంతో అందగించేది.

ద్రాక్షారామం మిత్రుని ఆక్షేపణ: బ్రాంబెల్ మార్చి 22న, కార్బెట్ ఫిబ్రవరి 28న పుట్టారు కనుక పదమూడేళ్లకు మూడు వారాలు తక్కువ, సమస్యయే తప్పు.

సమాధానం: ఒప్పుకున్నాను. ఆ మూడు వారాలు ఇమిడే గణాన్ని తమరే సెలవివ్వండి, పాదం మారుస్తాను.