చేపల వేట నిషేధం అయ్యాక బోటు ఇంజన్ అందుకోవట్లేదు: స్ప్రే కొట్టొచ్చా?

హార్బర్_బోటు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కట్టేసి ఉంది. పాత ఆరు సిలిండర్ల ఇంజన్, మెకానికల్ డీజిల్ పంపు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. స్టార్టింగ్ స్ప్రే ఒక్క సెకను కొడితే తప్పేటి?

గాజువాక_పంపు: తప్పే. ఆ డబ్బాలో ఉండేది ముఖ్యంగా ఈథర్. 160 డిగ్రీల దగ్గరే దానంతటదే అంటుకుంటుంది, డీజిల్‌కి 210 దాకా కావాలి. డీజిల్‌ని ఇంజెక్టర్ టైమింగ్ ప్రకారం కొడుతుంది. ఈథర్ గాలితోపాటే లోపలికి పోయి, పిస్టన్ పైకెక్కుతుండగానే పేలుతుంది. రింగు గాడులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ఇది చెప్పండి: తిప్పుతుంటే తెల్లపొగ వస్తోందా, అసలు పొగే లేదా?

హార్బర్_బోటు: పొగ లేదు. కానీ నేనడిగింది ఒక్క సెకను గురించి.

గాజువాక_పంపు: పొగ లేదంటే సిలిండర్లోకి డీజిలే వెళ్లట్లేదు. ఫిల్టర్ అడుగు నీళ్లు వదలండి. ఫిల్టర్ మీది, లోపల చేరిన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ తోసే పంపు) కొట్టి బిగించండి. తర్వాత డీజిల్ పంపు మీది బ్లీడ్ స్క్రూ కూడా అలాగే. ఆఖర్న ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ తిప్పండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. పదిహేను సెకన్లు తిప్పితే రెండు నిమిషాలు ఆపండి, లేకపోతే సెల్ఫ్ కాలిపోద్ది.

పెట్రోల్_గుడ్డ: ఇంత గోలేంటి గురూ, పెట్రోల్లో తడిపిన గుడ్డ ఇన్‌టేక్ దగ్గర, అంటే గాలి లోపలికి పోయే చోట పెట్టండి.

గాజువాక_పంపు: పెట్రోల్‌కి స్పార్క్ కావాలి, ఒత్తిడి వేడికి సరిగా అంటుకోదు. వెనక్కి మంట కొడితే గుడ్డ మీ చేతిలోనే ఉంటుంది.

లంబసింగి_ట్రాక్టర్: మా దగ్గర జనవరి తెల్లారుజామున స్ప్రే లేకుండా ఇంజన్ కదలదు.

గాజువాక_పంపు: అది చలి. విశాఖలో జూన్‌లో చలెక్కడిది? కొన్ని పెద్ద ఇంజన్లకి కంపెనీలే కొలతగా ఈథర్ వదిలే అమరిక పెడతాయి. మీ ఇంజన్‌కి స్టార్టింగ్‌కి వేడిచేసే గ్లో ప్లగ్గో, ఇన్‌టేక్ హీటరో ఉంటే మాత్రం స్ప్రే ముట్టుకోవద్దు, గాలి వచ్చే గొట్టం (మానిఫోల్డ్)లోనే పేలుతుంది.

హార్బర్_బోటు: ఒక్క సెకనుకి రాడ్ వంగుద్దా? సూటిగా చెప్పండి. మెకానిక్‌లకి ప్రతిదానికీ విప్పడమే పని. ఐస్ ఎక్కించేశాం, కలాసీలు బోటులో కూర్చున్నారు.

గాజువాక_పంపు: ఒక్కసారికి వంగకపోవచ్చు. రోజూ కొట్టేవాళ్ల సిలిండర్ గోడల మీద ఆయిల్ కడుక్కుపోయి రింగులు అరుగుతాయి, కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) పడిపోద్ది, రేపు ఇంకో సెకను కావాలి. ఇవన్నీ చూసుకోడానికి 61 రోజులు దొరికాయి కదా.

హార్బర్_బోటు: వేట లేని ఆ రెండు నెలలూ డబ్బులెక్కడివి? పంపు విప్పించమని అందరూ చెప్తారు.

గాజువాక_పంపు: విప్పమని ఎక్కడన్నాను? స్క్రూ వదులు చెయ్యమన్నాను.

హార్బర్_బోటు: చేశాం. ప్రైమర్ ఎంత కొట్టినా బుడగలు ఆగట్లేదు.

గాజువాక_పంపు: అయితే ట్యాంకుకీ, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. జాయింట్ల దగ్గర రాగి వాషర్లు మార్చండి, రబ్బరు పైపు పగిలిందేమో వంచి చూడండి. స్ప్రే డబ్బా మూత తియ్యకండి.