క్లారా కాంపోఅమోర్ ప్రవాసం: సలమాంకా కేసు ఫైలు కాపీ తెప్పించడం ఎలా?

స్పెయిన్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కు కోసం పోరాడిన లాయర్ కాంపోఅమోర్ మీద తెలుగు వ్యాసానికి సాయం కావాలి. 1931 అక్టోబర్ 1న పార్లమెంటులో 161–121 ఓట్లతో ఆ హక్కు నెగ్గింది. ఇప్పుడే వద్దని వాదించింది ఇంకో మహిళా లాయర్ విక్టోరియా కెంట్ (విడ్డూరమే). చివరికి ఇద్దరూ పరాయి దేశంలోనే పోయారు: కెంట్ న్యూయార్క్‌లో, కాంపోఅమోర్ 1972లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో.

కాంపోఅమోర్ తిరిగి రాలేకపోవడానికి కారణం ఫ్రీమేసన్‌లపై (ఒక రహస్య సోదర సంఘం సభ్యులు; ఆమె కూడా అందులో ఉందని కేసు) 1940 మార్చి 1న నియంత ఫ్రాంకో తెచ్చిన చట్టం. ఆ చట్టం కింద కేసులు విచారించిన ట్రిబ్యునల్ కాగితాలు ఉండేది సలమాంకాలోని చారిత్రక స్మృతి కేంద్రంలో. స్పెయిన్ ప్రభుత్వ ఆర్కైవ్‌ల వెబ్‌సైటు పారెస్‌లో వెతికేటప్పుడు ఇంటిపేర్లు రెండూ ముందు రావాలి, తండ్రిది మొదట, తల్లిది తర్వాత: 'కాంపోఅమోర్ రోడ్రిగెస్, క్లారా'. ఒక్క ఇంటిపేరుతో కొడితే సంబంధం లేనివాళ్లంతా వచ్చిపడతారు.

తెలిసినవాళ్లు చెప్పండి: స్కాన్ పెట్టని ఫైలుకు కాపీ అడగాలంటే ఫైలు నంబరు, పేజీల వివరం సరిపోతాయా, పరిశోధన కారణం కూడా రాయాలా? ఇండియా నుంచి రుసుము ఎలా కట్టాలి? ఇంకోటి, 1931 స్పెయిన్ రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడిని (ఈయనా 1939లో ప్రవాసిగా అర్జెంటీనా చేరాడు) 'హిమెనెస్ దె అసూవా' అని రాయాలా, 'జిమెనెజ్' అనా? ఉచ్చారణను బట్టి 'హ' సరైనది, కానీ వెతికేవాళ్లు 'జ' అనే కొడతారు.