జీవితాంతం ఒకే దేశపు సంగీతం వినవలసివస్తే ఏ దేశాన్ని ఎంచుకుంటారు?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా ఒక ఊహ నన్ను వదలడం లేదు. ఇకమీదట ఒకే ఒక దేశపు సంగీతం మాత్రమే వినిపిస్తుంది, తక్కినదంతా మూగబోతుంది అంటే ఏ దేశాన్ని కోరుకోవాలి? 1942 నుంచి బీబీసీ రేడియోలో వస్తున్న ఒక కార్యక్రమంలో, నిర్జన ద్వీపంలో చిక్కుకుపోతే ఏ ఎనిమిది రికార్డులు వెంట ఉండాలని అతిథులను అడుగుతారు. ఆ ప్రశ్న నాకు సులువుగానే తోస్తుంది, ఎందుకంటే ఆ ఎనిమిదింటినీ ఎనిమిది దేశాల నుంచి ఏరుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

నేను పెట్టుకున్న నియమాలు ఇవి. దేశమంటే నేటి సరిహద్దుల లోపలి దేశం. శాస్త్రీయమైనా, జానపదమైనా, సినిమా పాటైనా, నిన్న మొన్న వచ్చినదైనా, రేపు రాబోయేదైనా ఆ దేశపుదైతే చాలు. సొంత దేశాన్ని ఎంచుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, అలవాటు కాక మరొక కారణం చెప్పాలి.

మొదట నాకు అమెరికా తట్టింది. అన్నీ దొరికే అంగడిని చూపించి ఇదే నా ఇష్టం అన్నట్లుందని సిగ్గేసి వదిలేశాను. తరువాత జర్మనీ దగ్గర ఆగాను. 1685లో ఐసెనాక్‌లో పుట్టిన స్వరకర్త బాఖ్ ఒక్కడే వెయ్యికి పైగా రచనలు మిగిల్చి వెళ్లాడు; 1970లో డ్యూసెల్‌డార్ఫ్‌లో క్రాఫ్ట్‌వెర్క్ బృందం మొదలై యంత్రాల చేత పాడించింది. ఇంత సంపద ఉన్నా, ఏ పనీ తోచక కూర్చున్న మధ్యాహ్నం వేళ నేను ఏం పెట్టుకుంటాను అని అడిగితే మనసు జవాబు చెప్పలేదు. మీరు ఏ దేశాన్ని ఎంచుకుంటారన్నది ఒక ప్రశ్న. ఎంచుకోవడానికి పద్ధతి ఏమిటన్నది నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

మొదటి సమాధానం

అమెరికా పేరు చెప్పడానికి మీరు సిగ్గుపడనక్కర లేదు. పైకి అంగడిలా కనిపించినా, అక్కడి సరుకులో చాలా భాగం ఒకే ఇంటి నుంచి వచ్చింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు పాడిన బ్లూస్‌లో గాంధారమూ నిషాదమూ ఉండవలసిన చోటు కంటే కాస్త కిందికి జారి, అటు కోమలమూ కాకుండా ఇటు తీవ్రమూ కాకుండా నిలుస్తాయి. గమకం ఎరిగిన చెవికి దీన్ని వివరించవలసిన పని లేదు. ఆ జారిన స్వరమే జాజ్‌లోకి, చర్చి పాటలోకి, సోల్‌లోకి, రాక్‌లోకి వెళ్లింది. 1927 వేసవిలో బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ కుటుంబాన్నీ జిమ్మీ రాడ్జర్స్‌నూ రికార్డు చేసినప్పుడు కంట్రీ సంగీతానికి పునాది పడిందంటారు; ఆ రాడ్జర్స్ గొంతులోనూ బ్లూస్ వినబడుతుంది. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి ఆడించాడు. హిప్‌హాప్ అలా మొదలైంది. 

ఒక్క ఉదాహరణ చెబుతాను. బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు 1927 డిసెంబరులో డాలస్‌లో మూడు నిమిషాల పైచిలుకు రికార్డు ఒకటి ఇచ్చాడు. అందులో మాటలు లేవు. గిటారు తీగపై ఏదో గట్టి వస్తువు జారుతూ ఉంటుంది, దాని వెంట గొంతులో మూలుగు లాంటి కూనిరాగం నడుస్తుంది. తీగను గొంతు అనుసరిస్తోందో, గొంతును తీగ అనుసరిస్తోందో నేటికీ నేను తేల్చుకోలేకపోయాను. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన బంగారు పూత రికార్డులో ఈ ముక్క ఉంది. దీని పక్కనే హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉందన్నది వేరే మాట. అంటే భూమి మొత్తానికి ప్రతినిధిగా పంపేటప్పుడు ఒకే దేశంతో సరిపెట్టుకునే సాహసం వాళ్లు కూడా చేయలేదు.

రెండో సమాధానం

నా ఎంపిక మాలి. కారణం కోరా అనే వాద్యం. పెద్ద సొరకాయ బుర్రను సగానికి కోసి, దానిపై తోలు బిగించి, పొడవైన కర్ర దూర్చి 21 తీగలు కడతారు. రెండు పిడులను మిగిలిన వేళ్లతో పట్టుకుని, వాయించడానికి రెండు బొటనవేళ్లనూ రెండు చూపుడువేళ్లనూ మాత్రమే వాడతారు. బొటనవేళ్లు అడుగున మంద్రపు వరసను తిప్పుతూ ఉంటే, పైన చూపుడువేళ్లు జలజల రాలినట్లు స్వరాలు చల్లుతాయి. కళ్లు మూసుకుని వింటే ముగ్గురు కూర్చుని వాయిస్తున్నారని ప్రమాణం చేయవచ్చు. 2024లో కన్నుమూసిన తుమానీ జబాటే ఒక్కడే వాయించిన 1988 నాటి ఆల్బమ్‌తో నా మాట పరీక్షించుకోండి.

కోరా ఒక్కటే కాదు. నైజర్ నది ఒడ్డున నియాఫుంకేలో వ్యవసాయం చేసుకుంటూ గిటారు వాయించిన అలీ ఫార్కా తురే, ఆడవారి బాధలను పాటకట్టిన ఊమూ సంగారే, సహారా ఎడారిలో ఎలక్ట్రిక్ గిటార్లు పట్టిన తినారివెన్ బృందం, వీరందరూ ఆ దేశం వారే. 2012లో ఉత్తర మాలిని ఆక్రమించిన సాయుధ వర్గాలు సంగీతాన్నే నిషేధించాయి, ఎందరో కళాకారులు రాజధాని బమాకోకు తరలిపోయారు.

అయితే ఒక లోటును దాచను. అక్కడి వంశపారంపర్య గాయకులు పాడేది ప్రధానంగా వంశాల కథలు, పొగడ్తలు. నాకు బంబారా భాష రాదు కాబట్టి సగం సంగీతం నాకు అందనట్లే. అర్థం తెలియని పాట త్వరగా పాతబడదని నేను సరిపెట్టుకుంటున్నాను గానీ, అది నిజంగా సమాధానమో, సాకో చెప్పలేను.

మూడో సమాధానం

నియమాలు పెట్టినవారికి ఒక చిక్కు. స్వరకర్త హాండెల్ 1685లో నేటి జర్మనీలోని హాలెలో పుట్టాడు, 1727లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. ఆయన ఎవరి లెక్కలోకి వస్తాడు? 1830లో పోలండులోని వార్సా విడిచిన పియానో స్వరకర్త షోపాన్ మళ్లీ తిరిగి వెళ్లలేదు, శరీరం పారిస్‌లో ఉంది, గుండె మాత్రం వార్సా చర్చిలో ఉంది. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ నేటి పాకిస్థాన్‌లోని కసూర్‌లో పుట్టి, దేశ విభజన తరువాత భారత పౌరసత్వం తీసుకుని, 1968లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. నేటి సరిహద్దు గీతతో ఈ లెక్కలు తేలవు.

ఇంతకీ నా సలహా ఏమిటంటే, పొరుగువారి దగ్గర అప్పులు ఎక్కువ చేసిన దేశాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు క్యూబా రికార్డులు గ్రామఫోన్ల కాలంలో కాంగో చేరాయి. అక్కడివారు ఆ రికార్డుల్లోని రుంబా అనే నాట్య సంగీతాన్ని తమ భాషల్లో పాడి, పియానో వంతును గిటార్లకు అప్పగించారు. కాంగోను ఎంచుకున్నవాడికి క్యూబా వాసన కూడా దక్కుతుంది. అదీ కాక, క్యూబాకు ఆ లయ ఆఫ్రికా నుంచే వెళ్లింది కాబట్టి, అప్పు ఎవరిది అన్న వాదన ఎప్పటికీ తెగదు.

నాలుగో సమాధానం

ప్రశ్న వేసినవారు పద్ధతి అడిగారు కాబట్టి, నేను చేసి చూసిన పని చెబుతాను. ఒక్కొక్క దేశానికి 30 రోజులు కేటాయించి, ఆ రోజుల్లో మరొకటి వినకుండా ఉండడానికి ప్రయత్నించాను. మొదటి వారంలో ఏ దేశమైనా నెగ్గుతుంది, ఎందుకంటే మనం అక్కడి ఆణిముత్యాలను ముందు వింటాం. అవి అయిపోయాక, పెద్ద పేరు లేని బృందం ఒక మామూలు పాట పాడుతూ ఉంటే ఆపకుండా వినగలుగుతున్నామా అన్నదే అసలు పరీక్ష. జీవితాంతమంటే ఎక్కువ భాగం మామూలు పాటలే వినవలసి ఉంటుంది. శిఖరాలు ఎంత ఎత్తున ఉన్నా, మనం కాపురం చేసేది పల్లంలోనే కదా.

క్యూబా ఈ పరీక్షలో మూడో వారంలో తప్పింది. రెండు కర్ర ముక్కలతో కొట్టే క్లావే అనే 5 దెబ్బల లయ అక్కడి సంగీతానికి వెన్నెముక, పాట పైన ఎటు పోయినా అడుగున అదే నడుస్తుంది. కొంత కాలానికి మెట్లు దిగుతున్నా నా పాదాలు ఆ లెక్కలోనే పడుతుండేవి. తప్పు క్యూబాది కాదు, నా చెవిది.

బ్రెజిల్ మాత్రం చివరిదాకా నిలిచింది. పొద్దున పూట షోరో వినేవాణ్ణి. 19వ శతాబ్దపు రియోలో పుట్టిన ఈ వాద్య సంగీతంలో వేణువు, చిన్న గిటారు లాంటి కవాకీన్యో, 7 తీగల గిటారు, కంజీరను తలపించే పండేరో కలిసి, నలుగురు స్నేహితులు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ కబుర్లాడుకున్నట్లు నడుస్తాయి. కోపం వచ్చిన రోజున 1984లో బెలో హొరిజాంతేలో మొదలైన సెపుల్టూరా మెటల్ బృందం ఉంది. గంభీరంగా ఏదైనా కావాలంటే, స్వరకర్త విల్లా లోబోస్ 1930 నుంచి 1945 మధ్య బాఖ్‌కు నమస్కరిస్తూ రాసిన 9 కృతుల వరస ఉంది. ఈశాన్య ప్రాంతపు కరవు నేలల నుంచి అకార్డియన్, ముక్కోణపు ఇనుప కడ్డీ, డోలు కలిసిన నాట్య సంగీతం వస్తుంది. పాటకు రాజ్యం భయపడిన ఘట్టమూ ఉంది: సైనిక ప్రభుత్వం 1968 డిసెంబరులో గాయకులు కయెటానో వెలోసోనూ జిల్బెర్టో జిల్‌నూ నిర్బంధించి, ఆ తరువాత దేశం వెలుపలికి పంపింది. ఆ జిల్ గారే 2003లో ఆ దేశానికి సాంస్కృతిక మంత్రి అయ్యారు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది గిటారు వాయిస్తూ పాడే జువావ్ జిల్బెర్టో 1958 నాటి గిటారు. బొటనవేలు సాంబా అనే అక్కడి నాట్య సంగీతంలోని పెద్ద డప్పు వంతు తీసుకుని నిలకడగా నడుస్తుంది. తక్కిన వేళ్లు తాళానికి ఎడంగా స్వరగుచ్ఛాలను కొడతాయి. గొంతు మాత్రం పక్క గదిలో నిద్రపోతున్నవారు లేస్తారేమో అన్నంత మెల్లగా, ఒక మాటను తాళం కంటే ముందే పలికి, మరొక మాటను సాగదీసి ఆలస్యంగా చేరుతుంది. బల్ల మీద చేత్తో తాళం వేస్తూ పాట వెంట పోదామని పదిసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ నాలుగో పంక్తి దగ్గర తప్పాను. ఆయన తప్పడు.

ఒక నేరం ఒప్పుకోవాలి. 19వ రోజు రాత్రి నియమం తప్పాను. తాళం లేకుండా, తొందర లేకుండా, ఒకే రాగాన్ని విప్పుకుంటూ పోయే సంగీతం కోసం ప్రాణం కొట్టుకుంది. బ్రెజిల్‌లో ఎంత వెతికినా అది దొరకలేదు. అరగంట సేపు వీణ మీద తోడి ఆలాపన విని, దొంగతనం చేసినవాడిలా ఆపేశాను.

అయిదో సమాధానం

నాలుగో సమాధానం రాసినవారు గమనించారో లేదో గానీ, నియమం తప్పిన రాత్రి ఆయన విన్నదే ఆయన అసలు సమాధానం. నేను భారతదేశాన్ని ఎంచుకుంటాను, అలవాటు కాక వేరే కారణమూ చెబుతాను. జీవితాంతం వినవలసిన సంగీతం మళ్లీ మళ్లీ పాడినప్పుడు మారాలి. త్యాగరాజు 1847లో వెళ్లిపోయాడు, ఆయన కృతులు మాత్రం ఈనాటికీ ఒక గాయకుడు పాడినట్లు మరొకరు పాడరు. ఒకే పంక్తిని రకరకాలుగా మలిచే నెరవు దగ్గరా, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన దగ్గరా ఒకే గాయకుడు కూడా నిన్నటిలా ఇవాళ పాడడు. మేళకర్తలనే 72 మూల రాగాలను పట్టుకుని కూర్చున్నా ఒక జన్మ చాలదు.

అప్పుల లెక్క అడిగినవారికి కూడా ఇక్కడ లోటు లేదు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది, దాన్ని కర్ణాటక కచేరీలోకి తెచ్చినవారిలో బాలుస్వామి దీక్షితులు ముందువరసలో ఉన్నారు. సినిమా పాట సంగతి సరేసరి, అది అప్పు చేయని దేశం లేదు. భాష విషయంలో మాత్రం రెండో సమాధానంతో నాకు పేచీ ఉంది: ఇరవై ఏళ్లప్పుడు రాగం కోసం విన్న చరణం యాభై ఏళ్లప్పుడు మాట కోసం నిలబెట్టేస్తుంది. అర్థమయ్యే పాటకు రెండు ఆయుష్షులు ఉంటాయి.

ప్రశ్న వేసినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. సరిహద్దు చిక్కుకు నా సవరణ ఇది: ఎక్కువ కాలం ఎక్కడ ఉండి పని చేశారో ఆ దేశం లెక్కలో వేద్దాం. దానితో హాండెల్ ఇంగ్లండుకు వెళ్లిపోయాడు, నా జర్మనీ మరి కాస్త బక్కచిక్కింది.

బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డును నిన్న రాత్రి మూడుసార్లు విన్నాను. తీగే ముందు వెళుతోందని నాకు అనిపించింది. 30 రోజుల పద్ధతి నాకు నచ్చింది. సొంత దేశాన్ని చివరకు ఉంచుకుని, బొత్తిగా పరిచయం లేని మాలితో సోమవారం నుంచి మొదలుపెడుతున్నాను, తరువాత బ్రెజిల్. నాలుగో సమాధానం రాసినవారికి ఒక సందేహం: దారిలో వెళుతుంటే పక్కవారి ఫోన్‌లోంచి వినిపించే పాట నియమభంగం కిందికి వస్తుందా, లేక ఆగి నిలబడి విన్నప్పుడే వస్తుందా?